టీవీ కాళ్లకు గులాబీ గీత

పటాన్‌చెరు ఫ్యాక్టరీల్లో ముప్పై ఏళ్లుగా యంత్రాలు బిగించి బతుకుతున్నవాణ్ణి. నేను బిగించిన బోల్టు వదులైన దాఖలా లేదని మా షెడ్డులో చెప్పుకుంటారు. చెప్పుకునేది ఎక్కువగా నేనే.

అలాంటివాడితో, కొత్త టీవీ తెచ్చిన రోజు దుకాణంవాళ్లు "స్టాండు బిగించడానికి రేపు మనిషిని పంపిస్తాం" అన్నారు. ఒళ్లు మండింది. అక్కర్లేదని చెప్పి పంపేశాను.

ఇస్నాపూర్‌లో మాది కిరాయి ఇల్లు. గోడకు మేకు కొట్టనివ్వడు ఓనరు. అందుకని టీవీ బల్ల మీదే నిలబడాలి. బల్ల నేను వెల్డింగ్ చేసిందే. మోకాలెత్తు ఇనుప బల్ల, ఇద్దరు పడితే గానీ కదలదు.

మా ఆవిడ మందుల ఫ్యాక్టరీలో చెకింగ్ పని చేస్తుంది. ఇంటికొచ్చినా ఆ డ్యూటీ దిగదు. ఆదివారం మా అమ్మాయి పది నెలల మనవరాలితో వస్తోంది. దొరికిందల్లా పట్టుకుని లేచి నిలబడే వయసు ఆ పిల్లది.

"పిల్ల గుంజితే టీవీ మీద పడొద్దు. నాకు గదొక్కటే గావాలె" అంది ఆవిడ.

మంచం మీద దుప్పటి పరిచి, ఇద్దరం టీవీని బోర్లా పడుకోబెట్టాం. "జెర అంచులు పట్టు, అద్దం ఒత్తకు" అని నాకే నేర్పింది. డబ్బాలో రెండు కాళ్లు, నాలుగు స్క్రూలు, ఒక నల్ల పట్టీ, ఒక కాగితం ఉన్నాయి. కాగితాలు చదివేది కొత్తవాళ్లు. పట్టీ ప్యాకింగ్‌ది అనుకుని పక్కన పడేశాను. కాళ్ల మీద ఎడమ, కుడి అని గుర్తులున్నాయి. నా ఎడమ చేతి వైపు ఎడమది, కుడి చేతి వైపు కుడిది పెట్టి, ఊపిరి బిగబట్టి మరీ తిప్పాను.

బల్ల మీద నిలబెట్టి, పైన చెయ్యి వేసి ఊపాను. కదల్లేదు.

"సూస్తివా, రాతిగుండు లెక్క నిలవడ్డది" అన్నాను.

ఆవిడ కొంగు నడుముకు దోపి, టీవీ ముందు మోకాళ్ల మీద కూర్చుంది. మనవరాలి ఎత్తుకు దిగి, రెండు చేతులతో పట్టుకుని తన వైపు గుంజింది. టీవీ దండం పెడుతున్నట్టు ముందుకు వంగి నేరుగా ఆమె మీదికి వచ్చింది. ఇద్దరం కలిసి ఆపాం.

"నువ్వు నిలవడి ఊపినవ్. పిల్ల నీ అంత ఎత్తుంటదా?"

అక్కడ ఆవిడ కాక పిల్ల ఉండుంటే? కాగితం తీసి చదివాను. ఎడమ, కుడి అన్నది ముందు నుంచి టీవీ చూసేవాళ్ల లెక్క. నేను టీవీ వీపు వైపు నుంచి చూసి బిగించాను. దాంతో ముందుకు రావలసిన కాళ్ల పొడుగు కొసలు వెనక్కి పోయాయి. ఆ పట్టీ టీవీని బల్లకు కట్టడానికట.

మళ్లీ పడుకోబెట్టి విప్పబోతే స్క్రూలు రావు. చెమటలు పట్టాయి.

"ఎవలు బిగించిండ్రో గాని, పనిమంతులే" అంది ఆవిడ.

కాళ్లు మార్చి, పట్టీని బల్ల కడ్డీకి కట్టాను. ఆవిడ మళ్లీ మోకాళ్ల మీద కూర్చుని మూడుసార్లు గుంజింది. టీవీ తల వంచలేదు. అప్పుడు లేచి వెళ్లి గులాబీ రంగు గోళ్లరంగు సీసా తెచ్చింది. మా షెడ్డులో బిగించిన ప్రతి బోల్టు మీద నుంచి పక్క రేకు మీదికి రంగు గీత గీస్తాం. బోల్టు కాస్త తిరిగినా గీత విరిగి కనిపిస్తుంది. ఎప్పుడో నేను గొప్పగా చెప్పిన సంగతి గుర్తుపెట్టుకుని, స్క్రూలన్నిటికీ తనే గీతలు గీసింది.

ఆదివారం పిల్ల చంక దిగగానే బల్ల దగ్గరికి పాకింది. లేచి నిలబడి, టీవీ పట్టుకుని గుంజింది. టీవీ కదల్లేదు. పిల్లే చతికిలబడి, మా వైపు కోపంగా చూసింది. అందరూ నవ్వారు.

నేను మాత్రం మోకాళ్ల మీద పాకుతూ బల్ల వెనక్కి వెళ్లి, గీతలు ఒక్కొక్కటే చూసుకున్నాను.