అవ్వ, నేను, దొరికిన కెమెరాల సినిమాలు

నేను కరీంనగర్‌లో ఒక ఆసుపత్రి ల్యాబ్‌లో రక్త పరీక్షలు చేస్తాను. పెళ్లి చేసుకోలేదు. మా అమ్మను అవ్వ అనే పిలుస్తాను. అవ్వ, నేను ఒక అద్దె ఇంటి పై వాటాలో ఉంటాం. ఇతరులు చీరలు కొనుక్కున్నట్టు నేను దయ్యాల సినిమాల డిస్కులు కొంటాను. అన్ని రకాలూ కావు. ఎవరో పిల్లలు కెమెరా పట్టుకుని పాడుబడ్డ చోటికి పోతారు, తిరిగి రారు. కొన్నాళ్లకు కెమెరా ఒక్కటే దొరుకుతుంది. మనం చూస్తున్నది అందులోని వీడియోనే అని నమ్మిస్తారు. అలాంటి సినిమాలు. అందులోనూ ఒకే డిస్కులో నాలుగైదు చిన్న కథలు ఉంటే నాకు ప్రాణం. ఒకటి నచ్చకపోతే కాసేపట్లో ఇంకోటి మొదలవుతుంది.

ఇవన్నీ బయటి దేశాలవి. ఆదిలాబాద్‌లో ఒకప్పుడు క్యాసెట్లు అద్దెకిచ్చిన ఒకాయన దగ్గరికి గల్ఫ్ నుంచి వచ్చినవాళ్ల డిస్కులు, మూతపడ్డ షాపుల సరుకు చేరుతుంటాయి. నా రకం కనబడితే పక్కన పెట్టి ఫోన్ చేస్తాడు. సెలవు చూసుకుని బస్సెక్కుతాను. అన్నీ ఫోన్లోనే దొరుకుతాయి కదా అని ల్యాబ్‌లో నవ్వుతారు. నాకు ఆ డబ్బా చేతిలో ఉండాలి. అలమరలో వరుసగా కనబడాలి.

"పొద్దంత రక్తం జూసి, ఇంటికొచ్చి గూడ రక్తమేనా బిడ్డా?" అనేది అవ్వ. అంటూనే ఆదివారం మధ్యాహ్నం బీడీల చాట ఒళ్లో పెట్టుకుని నా పక్కన కూర్చునేది. తెర మీద వాళ్ల మాటలు నేను తెలుగులో చెప్పేదాన్ని. ఆమె ఆకు చుడుతూ వినేది. దయ్యం వచ్చినా ఆమె చెయ్యి ఆగేది కాదు.

రెండేళ్ల కింద ఒక ఆదివారం మాత్రం ఆగింది. ఆ కథలో నలుగురు కాలేజీ పిల్లలు మూతపడ్డ హాస్టల్లోకి పోతారు. చివర్లో అరుపులు, పరుగులు. కెమెరా నేల మీద పడిపోతుంది. తర్వాత ఎవరో దాన్ని తీసి సంచిలో వేసుకుంటారు. కథ అక్కడితో అయిపోయింది.

"కెమెరా దొరికింది," అంది అవ్వ. "పిల్లలు దొరికిండ్రా?"

"దొరకలే అవ్వా. కథ గంతే."

"వాళ్ల అవ్వ బాపులకు ఎవలన్న చెప్పిండ్రా?"

నాకు నవ్వొచ్చింది. "సినిమా అవ్వా! ఉత్తదే."

"ఉత్తదని నాకెరుకే. గని, దొరికిండ్రా లేదా?"

ఆ సాయంత్రం టీ కూడా తాగలేదు. మర్నాడు నేను డ్యూటీకి చెప్పులేసుకుంటుంటే మళ్లీ అదే అడిగింది. విసుగొచ్చి, "ఏందవ్వా, చిన్నపిల్ల లెక్క!" అన్నాను. ఆమె మంచం కింది నుంచి పాత రెగ్జిన్ సంచి లాగింది.

"మీ మామది," అంది.

మామ అంటే అవ్వ తమ్ముడు. నాకు ఊహ తెలియకముందే గల్ఫ్ పోయాడు. అక్కడే చనిపోయాడని ఇంట్లో అందరూ చెప్పేవారు.

"సచ్చిండని ఎవలు జూసిండ్రు?" అంది అవ్వ. "పొద్దుగాల గదిల నుంచి బయటికి పోయిండట. మళ్ల రాలే. గా గదిలనే ఉండే హుస్నాబాద్ దిక్కు ఆయన సుట్టీ మీద ఇంటికొచ్చినప్పుడు గీ సంచి తెచ్చిచ్చిండు. సంచి వచ్చింది, మనిషి రాలే. మీ అమ్మమ్మ వాడు రావాలెనని మొక్కి వేములవాడ గుడిల కోడెను కట్టింది. నేను వాణ్ని గల్ఫ్ పంపిన ఏజెంటు ఇంటి సుట్టు ఎన్ని దినాలో తిరిగిన. ఆఖరికి ఊరోళ్లు, సచ్చిండనుకోండ్రి అన్నరు. అనుకున్నం."

సంచిలో రెండు లుంగీలు, ఒక టార్చిలైటు, గడ్డం గీసుకునే సామాను ఉన్నాయి. అవ్వ ఎవరితోనో రాయించి పంపిన ఉత్తరం కూడా ఉంది. దాన్ని ఎవరూ విప్పలేదు.

ఆ రోజు ల్యాబ్‌లో నాకు పని మీద మనసు నిలవలేదు. మనుషులు పోయి వస్తువులు మిగలడాన్ని నేను ఇన్నేళ్లు సరదాగా చూశాను. నా పక్కనే కూర్చుని అవ్వ ఏం చూసిందో ఒక్కసారీ ఆలోచించలేదు. ఇంటికి రాగానే డిస్కులన్నీ అట్టపెట్టెలో వేసి సజ్జ మీదికెక్కించాను. తీసుకుపొమ్మని ఆదిలాబాద్ ఆయనకు ఫోన్ చేస్తే, "జర సోంచాయించుండ్రి మేడమ్, తొందరపడకుండ్రి," అన్నాడు.

మూడు ఆదివారాలు గడిచాయి. "సినిమా పెడ్తలేవేంది?" అని అవ్వే అడిగింది.

"నువ్వు పరేషాన్ అయితవని."

"పెట్టెల ఏస్తె పోతదా? గా పిల్లల సంగతి డబ్బా మీద ఏడనన్న రాసిండ్రేమో సూడు."

పెట్టె దించి ఆ డబ్బా వెనక చదివాను. సినిమా ఎట్లా తీశారో చూపించే భాగం కూడా ఉందని చిన్న అక్షరాల్లో రాసి ఉంది. భయం పోతుందని అలాంటివి నేనెప్పుడూ చూడను. ఆ రోజు పెట్టాను.

అదే హాస్టల్, పట్టపగలు. చివరిదాకా అరిచిన అమ్మాయి మెడ నిండా ఎర్రరంగుతో మెట్ల మీద కూర్చుని అన్నం తింటోంది. దయ్యం వేషం వేసినాయన ఆమెకు గొడుగు పట్టాడు. అవ్వ చాట పక్కకు నెట్టి టీవీ దగ్గరికి జరిగింది.

"గీ పిల్లే గదా? గీ పిల్లే గదా?" అంటూ వేళ్ల మీద లెక్కపెట్టింది. ముగ్గురు కనబడ్డారు. "నాలుగో పిలగాడేడి?"

నేనూ టీవీ వైపు వంగి వెతికాను. కాసేపటికి కనబడ్డాడు, ఒక బల్ల కింద చేతులు ముడుచుకుని పడుకుని.

"నిద్రపోతుండు, పాపం," అంది అవ్వ. నవ్వింది. ఆ వెంటనే కొంగు కళ్లకు అడ్డం పెట్టుకుంది. నేను ఆమె వీపు నిమురుతూ కూర్చున్నాను. మళ్లీ పెట్టమంటే మళ్లీ పెట్టాను.

అప్పటి నుంచి, సినిమా తీసిన తీరు కూడా చూపించే డిస్కులే కావాలని ఆదిలాబాద్ ఆయనకు చెప్పాను. "దయ్యం మంచిగున్నదా అని అందరడుగుతరు. మనుషులు మంచిగున్నరా అని మీరే అడుగుతున్నరు," అన్నాడు.

సినిమా అయ్యాక అవ్వ ఇప్పుడు మామ గురించి చెబుతుంది. ఈల వేసుకుంటూ నడిచేవాడట. పచ్చి చింతకాయ కోసం చెట్టెక్కి చెయ్యి విరగ్గొట్టుకున్నాడట. నాకు కొత్త మామ దొరికినట్టుంది.

పోయిన నెల అవ్వ సంచి పక్క జేబులోంచి మామది ఒక చిన్న ఫొటో తీసింది. పెద్దగా చేయిద్దామంది. స్టూడియోకు పోయాం. స్టూడియో అతను ఫొటోను కంప్యూటర్లోకి ఎక్కించి, ఆ పాత బట్టలూ అవీ చూసి, "దండ ఎయ్యాల్నా అవ్వా?" అని మెల్లగా అడిగాడు.

"దండ వద్దు బిడ్డా," అంది అవ్వ. "మొకం జర సాఫ్‌గ కనపడాలె. ఎవలన్న జూస్తే గుర్తువట్టాలె."