కూలికి వస్తుందని చెప్పాను

ఏళ్లుగా నా నోట్లో ఒక అబద్ధం కుళ్లుతోంది. అన్నం ముందు కూర్చున్నా ఆ కంపే. నేనెవరో మీకు తెలియదు కాబట్టి చెప్పగలుగుతున్నాను.

మాది గద్వాల. నేత పని. మా చీరకు అంచు కలపాలంటే మగ్గం మీద ఇద్దరు కూర్చోవాలి, ఈ అంచుకొకరు, ఆ అంచుకొకరు. అందుకే మా వీధిలో సంబంధం చూసేటప్పుడు పిల్ల రంగు కన్నా ముందు చేతిపని అడిగేవాళ్లు. నా భార్య చనిపోయాక ఆ రెండో చోటు ఖాళీ అయింది. మొగుడు వదిలేసిన ఈరమ్మ వచ్చి కూర్చుంది. మొదట పనికే వచ్చింది. తర్వాత ఉండిపోయింది. నా కూతురికి జడలు వేసింది, నాకు జ్వరమొస్తే పక్కనే మేలుకుంది. తాళి కట్టలేదు. అవసరం పడలేదనుకున్నాను. ఎవరి అవసరం?

కూతురికి వనపర్తి సంబంధం వచ్చింది. అబ్బాయికి ఉద్యోగం. వాళ్లకు మగ్గం పని అక్కర్లేదు, పరువున్న ఇల్లు కావాలి. ఈరమ్మ చాయ్ ఇస్తుంటే అబ్బాయి తల్లి అడిగింది, "గీమె ఎవరన్నా?" అని.

"మగ్గం మీదికి కూలికొస్తది" అన్నాను. తడుముకోలేదు కూడా.

వాళ్లు వెళ్లాక ఈరమ్మ నా ఎదురుగా నిలబడింది.

"కూలికొచ్చేదాన్నా నేను?"

"పెండ్లి అయ్యేదాంక జర ఓర్చుకో. పొద్దుగాల వచ్చి పొద్దుమూకంగ పో."

"మగ్గం మీద పిల్ల పెండ్లిచీరె ఉంది. అది అయిందాంక వస్త."

వచ్చింది. రాత్రి పక్కింట్లో పడుకుని, పొద్దున్నే మా గుమ్మం బయట నిలబడేది. పిలిస్తేనే లోపలికి అడుగుపెట్టేది. నేస్తూ నేస్తూ ఏడ్చేది. అప్పుడు నేనేం ఆలోచించానో చెప్పనా? కన్నీళ్లు పడి పట్టు అంచుకు మరకవుతుందేమోనని. థూ. నేత అయిపోయి మగ్గం మీంచి చీర కోసిన రోజే ఆమె వెళ్లిపోయింది. పెళ్లికి పిలవలేదు. పీటల మీద నా కూతురు ఎవరి కోసం వెతుకుతోందో తెలిసీ తల తిప్పుకున్నాను.

మొన్న వియ్యపురాలు చెప్పింది. ఆమె చిన్నకొడుకు హైదరాబాదులో ఒక పిల్లతో ఉంటున్నాడట, పెళ్లి లేకుండానే. "నౌకరీ చేసే పిల్లలు. కిరాయి కలిసొస్తది, తోడుంటది. ఏమైతదన్నా" అని నవ్వింది. నేనూ తలూపాను. చాయ్ తాగకుండానే లేచి వచ్చేశాను. ఆమె మీద అసహ్యమా? కాదు, ఆమె దాచలేదు. ఈరమ్మా నేనూ కలిసి ఉన్నదీ పనికీ తోడుకే కదా, మరి నాకెందుకు నోరు రాలేదు?

ఈరమ్మను వెతకలేదు. ఇప్పుడు వెళితే మగ్గానికి మనిషి కావాలని వచ్చాననుకుంటుంది. అందుకు కాదని ప్రమాణం చేయలేను, అదీ నా బతుకు. రాస్తుంటేనే నా మీద నాకు రోత పుడుతోంది. అయినా ఎవరూ అడగకపోయినా చెబుతున్నాను. ఆమె కూలికి రాలేదు. నాతో కాపురం చేసింది.