డ్రైవరు బాబాయి గాలిగొట్టం పని నేర్చుకున్న సంగతి

మా పక్కింటి బాబాయి ముప్ఫై నాలుగేళ్ళు సిటీ బస్సు నడిపాడు. నాకు ఆయన చుట్టమేమీ కాదు. గోడకు గోడ ఆనుకున్న ఇళ్ళ వరసలో మా రెండిళ్ళూ పక్కపక్కనే. నేను ఈ ఇంట్లోకి మారిన రోజు ఆయన భార్య పెరటి గోడ మీంచి తల ఎత్తి, "ఏమ్మా, సుత్తి కావాలా?" అని అడిగింది. నాకు నిజంగానే సుత్తి కావాలి. ఆ పూట నుంచి ఆవిడ నాకు పిన్ని, ఆయన బాబాయి అయిపోయారు. వీధిలో మిగతా అందరికీ వాళ్ళు డ్రైవరుగారూ, టైలరమ్మానూ.

బాబాయికి ఒక గొప్ప ఉండేది. అన్నేళ్ళ ఉద్యోగంలో ఒక్క యాక్సిడెంటు లేదు. పొద్దున్నే బస్సు ఎక్కేముందు దాని చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, ప్రతి టైరునూ అరచేత్తో చరిచి, అప్పుడు గానీ తాళం తిప్పేవాడు కాదట. ఇంట్లో మాత్రం ఇక్కడి పుల్ల తీసి అక్కడ పెట్టి ఎరగడు. వంటా, ఉతుకూ, ఇస్త్రీ, కుళాయి కారితే బిగించడం, అన్నీ పిన్నే. ముందుగదిలో కుట్టుమిషను మీద కూర్చుని, నోట్లో గుండుసూదులతోనే నవ్వేది. "మీ బాబాయి ఇంట్లో మిషన్లేవీ ముట్టుకోరమ్మా. స్టీరింగు లేని దాన్ని నమ్మరు."

ఆయన రిటైరైన రెండో ఏడు పిన్నికి పక్షవాతం వచ్చింది. మూడు వారాలు ఆసుపత్రిలో ఉండి చక్రాల కుర్చీలో ఇంటికొచ్చింది. కుడి చెయ్యీ, కుడి కాలూ పడిపోయాయి. మాట మిగిలింది గానీ, సూదిలోకి దారం ఎక్కించినట్టు ఒక్కో మాటా ఆగి ఆగి వచ్చేది. కుట్టుమిషను మీద గుడ్డ కప్పించేసింది. ఆ గుడ్డ వైపు కూడా చూసేది కాదు. ఎవరైనా పలకరిస్తే, "ఇంకెందుకు... పనికొస్తాను" అనేది. ఎప్పుడూ ఆ ఒక్క మాటే.

ఇంటి పనంతా బాబాయి మీద పడింది. ఆయన దాన్ని పనిగా కాక డ్యూటీగా తీసుకున్నాడు. టైము ప్రకారం లేచేవాడు, టైము ప్రకారం మందులిచ్చేవాడు. ఇల్లంతా కుర్చీ తిరిగేలా సర్దాడు. వెనక గదిలో, స్నానాలగదికి వెళ్ళే దారిలో, బట్టలుతికే మిషనూ దాని పక్కన బట్టలారబెట్టే డ్రైయరూ ఉంటాయి. అక్కడ కుర్చీ మలుపు తిరగడం లేదని డ్రైయరుకు భుజం ఆనించి గోడ దాకా నెట్టేశాడు. నాలుగంగుళాలు కలిసొచ్చాయి.

ఆ రోజుల్లో పిన్నికి పక్కబట్టలు తడిసిపోతుండేవి. రోజుకు రెండు దుప్పట్లు, ఒక్కోసారి మూడు. ఆవిడ సిగ్గుతో గోడవైపు తిరిగిపోతే బాబాయి ఏమీ ఎరగనట్టు దుప్పటి లాగేసి, "దీనికి దుమ్ము పట్టిందోయ్, ఉతికేస్తా" అనేవాడు. దుప్పట్లు డ్రైయరులో పడేసి, మీట నొక్కి, పిన్నిని ముందుగదిలో కూర్చోబెట్టి, తలుపుకు తాళం వేసి పాలకో మందులకో వెళ్ళొచ్చేవాడు.

రెండు నెలలు గడిచాక గోడ దగ్గర నాతో వాపోయాడు.

"ఈ డ్రైయరు కూడా నాలాగే ముసలిదైపోయిందమ్మా. తువ్వాళ్ళు వేస్తే పెనం మీంచి తీసినట్టు చురుక్కుమంటున్నాయి, పట్టుకుంటే చెమ్మ చెమ్మగానే ఉంటున్నాయి. ఇదివరకు గంటలోపు ఆరేవి. ఇప్పుడు రెండుసార్లు తిప్పాల్సొస్తోంది."

"పిన్నినడగలేకపోయారా?"

"దానికెందుకమ్మా ఈ గోల! అసలే మనసు బాగోలేదు."

ఆయన ఉద్దేశం మంచిదే. పిన్నికి ఏ కష్టమూ తెలియకూడదనుకున్నాడు. ఆ వంకన ఆవిడతో మంచీ చెడ్డా చెప్పుకోవడమే మానేశాడు.

ఆ శనివారం పిన్నికొచ్చిన ఉత్తరమొకటి ఇద్దామని వాళ్ళింటికెళ్ళాను. నేను పోస్టాఫీసులోనే పనిచేస్తాను గనక వాళ్ళ ఉత్తరాలు చేతికే ఇస్తుంటాను. ఇల్లంతా ఉక్కపోత. కిటికీ అద్దాలకు ఆవిరి పట్టి చారలు చారలుగా కారుతోంది. వెనక గదిలో డ్రైయరు తిరుగుతోంది. పిన్ని ఉత్తరం అందుకోబోతూ ఆగి, ముక్కు ఎగబీల్చింది.

"ఏమండీ... ఇస్త్రీ... మాడిన వాసన."

"అబ్బే, ఏం లేదోయ్. డ్రైయరు వేడికి" అన్నాడు బాబాయి.

"ఆపండి."

ఆసుపత్రి నుంచి వచ్చాక ఆవిడ నోట ఆజ్ఞ లాంటి మాట వినడం అదే మొదలు. నలభై ఏళ్ళు ఇస్త్రీపెట్టె పట్టిన మనిషి ముక్కు అది. బాబాయి పరుగున వెళ్ళి ఆపి వచ్చాడు.

"జల్లెడ... తీశారా?"

"ఏ జల్లెడ?"

పిన్ని నావైపు చూసింది, మళ్ళీ ఆయనవైపు చూసింది. "రెండు నెలలుగా... ఒక్కసారీ... తియ్యలేదా?"

"ఏ జల్లెడంటావే బాబూ!"

కుర్చీ నెట్టుకుంటూ వెనక గదిలోకి వెళ్ళాం. డ్రైయరు తలుపు అంచున ఒక సన్నని పిడి ఉంది. దాన్ని పైకి లాగమని పిన్ని ఎడమచేత్తో చూపించింది. బాబాయి లాగాడు. బిగుసుకుపోయి కిర్రుమంది. గట్టిగా లాగితే జల్లెడతో పాటు అరచేయంత మందాన, బట్టల్లోంచి రాలిన బూడిదరంగు పీచు, మడత విప్పిన గొంగళిలా వేలాడుతూ బయటికొచ్చింది.

బాబాయి దాన్ని రెండు చేతులా ఎత్తిపట్టుకుని తెల్లబోయాడు. "ఇందులో ఎవరో కంబళి దాచారే!"

పిన్ని నవ్వింది. మూతి ఒకవైపే కదిలే నవ్వు, కొంచెం వంకరగా, శబ్దం కూడా సరిగ్గా రాని నవ్వు. కానీ కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వింది. బాబాయి ఆ పీచు పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. ఆ నవ్వు ఎక్కడ ఆగిపోతుందోనని ఊపిరి బిగబట్టాడనిపించింది.

"ప్రతిసారీ... తియ్యాలి" అంది తేరుకుని. "బట్టలు... వేసిన ప్రతిసారీ. అదొక్కటే... చాలదు. వెనక గొట్టం చూడాలి. వేడిగాలి బయటికి పోయే గొట్టం. ఏడాదికోసారి... నేనే తోమేదాన్ని."

"నువ్వా? ఎప్పుడు?"

"మీరు డ్యూటీకి... వెళ్ళాక."

మర్నాడు ఆదివారం పొద్దున్నే బాబాయి పాత యూనిఫారం చొక్కా వేసుకుని తయారయ్యాడు. నన్నూ సాయం పిలిచాడు. పిన్ని కుర్చీ గుమ్మం మధ్యలో పెట్టించుకుని కూర్చుంది. బాబాయి డ్రైయరు పట్టుకుని ముందుకు లాగబోయాడు.

"ప్లగ్గు" అంది పిన్ని.

"ఒక్క నిమిషం పనేగా..."

"ఇంజను తిరుగుతుంటే బస్సు కిందికి దూరేవారా?"

ఆ వాక్యం ఎక్కడా ఆగకుండా ఒక్క ఊపులో వచ్చింది. బాబాయి ప్లగ్గు పీకి, తీగ కొస ఎత్తి ఆవిడకు చూపించాడు.

ఇద్దరం కలిసి డ్రైయరును ముందుకు జరిపాం. వెనకాల పల్చటి వెండికాగితం లాంటి ముడతల గొట్టం ఒకటి ఉంది. గోడకూ మిషనుకూ మధ్య నలిగి, ఆఖరిబొట్టు దాకా పిండేసిన పేస్టు ట్యూబులా చదునైపోయింది. గోడ మూలలంతా పీచు. బాబాయి గొట్టం ఊడదీసి లోపలికి చూశాడు. మిషనుకు దగ్గరగా ఉన్న వంపులో పీచు బూడిదరంగులో లేదు. కాల్చిన రొట్టె అంచులా గోధుమరంగులో ఉంది. వేలితో ముట్టుకుంటే పొడి పొడిగా రాలింది.

ఆయన ఆ వేలిని చాలాసేపు చూసుకున్నాడు. తరవాత అక్కడే నేల మీద చతికిలబడ్డాడు.

"తాళం వేసి వెళ్ళేవాణ్ణి" అన్నాడు. "దీన్ని తిప్పి, నిన్ను కుర్చీలో పెట్టి, బయట తాళం వేసి వెళ్ళేవాణ్ణి. అంటుకునుంటే..." పీచంటిన వేలిని చొక్కాకు తుడుచుకున్నాడు. "చుట్టూ తిరిగి చూడకుండా ఒక్కరోజు బస్సు కదిలించలేదు. యాభైమంది ఎక్కుతారని. ఇంట్లో ఉన్న ఒక్క మనిషికి మాత్రం..."

పిన్ని ఎడమచేత్తో కుర్చీ చక్రం తోసుకుంటూ దగ్గరికొచ్చింది. ఒంటి చేత్తో తోస్తే కుర్చీ ఒక పక్కకే తిరిగిపోతుంది. రెండుసార్లు సరిచేసుకుని చేరింది. చెయ్యి ఆయన తల మీద పెట్టింది.

"నా కుర్చీకి దోవ... ఇవ్వడానికేగా... నెట్టారు."

కాసేపు అలాగే ఉంచి, ఆ చేత్తోనే తల మీద చిన్నగా తట్టింది. "ఇక లేవండి. కూర్చుంటే పీచు... దానంతటది పోదు."

ఆ పూటంతా పిన్ని చెప్పింది, బాబాయి చేశాడు. మిషను వెనకా కిందా పీచునంతా వాక్యూమ్ క్లీనరుతో పీల్చాడు. గోడలోని గొట్టంలోకి పొడుగాటి కర్రబ్రష్షు దూర్చి తిప్పబోతుంటే పిన్ని కేకేసింది. "కుడికే తిప్పండి. ఎడమకు తిప్పితే... మర ఊడి బ్రష్షు తల... లోపలే ఉండిపోతుంది."

"అంటే ఈ రోడ్డులో యూటర్న్ లేదన్నమాట" అన్నాడు బాబాయి. ఏడ్చిన కళ్ళు ఇంకా ఎర్రగానే ఉన్నాయి.

బయట సందు వైపు గోడకు గొట్టం నోరు ఉంది. దాని మీద గాలికి తెరుచుకునే రేకుమూత ఉంది. అది పీచుతో అతుక్కుపోయి ఎంతకాలంగా తెరుచుకోలేదో! స్టూలెక్కి దాన్ని గీకి శుభ్రం చేశాడు. మొత్తం పీచు ఒక బకెట్టు నిండింది.

నలిగిన గొట్టం పారేసి, మధ్యాహ్నం వెళ్ళి గట్టి రేకు గొట్టం తెచ్చాడు. వంపులు తక్కువగా, ఎంత కురచగా వీలైతే అంత కురచగా బిగించాడు. అతుకుల దగ్గర మరలు కొట్టబోతే పిన్ని ఒప్పుకోలేదు. మర మొన లోపలికి పొడుచుకొస్తే దానికి పీచు చిక్కుకుంటుందట. లోహపు టేపు చుట్టించింది. డ్రైయరుకూ గోడకూ మధ్య గొట్టం నలగనంత చోటు వదిలించింది. మరి కుర్చీ ఎలా తిరగాలి? బాబాయి స్నానాలగది తలుపును మడతబందులతో సహా ఊడదీసి పారేశాడు. దాని బదులు తెర నేను పిన్ని మిషను మీదే కుట్టాను. పిన్ని నా కుట్టు చూసి మూడుసార్లు ఊడదీయించింది. ఆ సాకుతో కుట్టుమిషను మీద గుడ్డ తీసేసినట్టయింది. మళ్ళీ కప్పమని ఆవిడా అనలేదు, మేమూ కప్పలేదు.

సాయంత్రం డ్రైయరు తిప్పి, పిన్నిని కుర్చీలో సందులోకి తీసుకెళ్ళాం. రేకుమూత టపటపా కొట్టుకుంటోంది. బాబాయి ఆవిడ కుడిచేతిని పసిపిల్ల చెయ్యి పట్టుకున్నట్టు పట్టుకుని గొట్టం నోటికెదురుగా పెట్టాడు.

"తెలుస్తోందా?"

"లేదు."

ఆయన ముఖం చిన్నబోయింది. కుర్చీ తిప్పి ఎడమచెయ్యి పెట్టించాడు.

"ఆఁ. వెచ్చగా... బాగుంది." ఆవిడ వేళ్ళు చాపి ఆ గాలిలో అలాగే ఉంచింది.

వారం తిరక్కుండానే బాబాయి నా పని పట్టాడు. "నీ గొట్టం ఎప్పుడు చూశావమ్మా?" నేను అసలు చూసిందే లేదు. పిన్నితో సహా వచ్చి చూస్తే నాది గ్యాసు మంటతో వేడెక్కే డ్రైయరు. "దీన్ని మనం కదపకూడదు. జరిపితే గ్యాసు వచ్చే గొట్టం కదిలి లీకవుతుంది. మెకానిక్కుని... పిలువు" అని పిన్ని తేల్చేసింది. పిలిచేదాకా రోజూ గోడ అవతలి నుంచి కేకేసి గుర్తుచేస్తూనే ఉంది.

అక్కణ్ణుంచి అది వీధంతా పాకింది. ఆదివారాలు బాబాయి కుర్చీ తోసుకుంటూ, పిన్ని ఒళ్ళో కర్రబ్రష్షు పెట్టుకుని ఇంటింటికీ వెళ్ళేవారు. పని ఆయనది, ఉపన్యాసం ఆవిడది. జల్లెడ ప్రతిసారీ తియ్యాలని, నూనె పడిన గుడ్డలు అందులో వెయ్యకూడదని, ఇంట్లో మనిషి లేకుండా గానీ అందరూ నిద్రపోయాక గానీ తిప్పకూడదని. మూలమలుపు ఇంట్లోని ముసలాయన ఒకసారి, "డ్రైవరూ కండక్టరూ వచ్చారు, తలుపు తియ్యండి" అన్నాడు. ఆ పేరు ఖాయమైపోయింది. అంత మాట్లాడీ మాట్లాడీ పిన్ని మాట సాఫయింది. కసరత్తు చేయించడానికొచ్చే అమ్మాయి, "మాట కోసం నేను చెప్పిన అభ్యాసాలు చేస్తున్నారన్నమాట" అని సంబరపడింది. పిన్ని దిద్దలేదు. కుడిచెయ్యి మాత్రం తిరిగి రాలేదు. ఏడాదికి కర్ర సాయంతో నాలుగడుగులు వెయ్యగలిగింది. అంతే.

బాబాయి ఇప్పుడు డ్రైయరు తిరుగుతున్నంతసేపూ ఇల్లు కదలడు. వెనక గదిలో పిన్ని కుర్చీ పక్కన ముక్కాలిపీట వేసుకుని కూర్చుంటాడు. రోజూ ముప్పావుగంట. ఒక రోజు గోడ దగ్గర నాతో అన్నాడు: "మీ పిన్ని ఇన్నేళ్ళు పగలంతా ఏం చేసేదో నాకు తెలీదమ్మా. ఇప్పుడు చెబుతోంది. కిందటి వారం పదేళ్ళ కిందటి సంగతుల దాకా వచ్చాం."

నిన్న సాయంత్రం వాళ్ళ గిన్నె తిరిగివ్వడానికి వెళ్ళాను. వెనక గుమ్మంలోంచి ఇద్దరూ కనిపించారు. వెచ్చటి దుప్పటి మడత పెడుతున్నారు. రెండు కొసలు ఆయన చేతుల్లో ఉన్నాయి. ఒక కొస పిన్ని ఎడమచేతిలో, ఒకటి ఆవిడ గడ్డం కింద నొక్కిపెట్టి ఉంది. అందుకే మాట పళ్ళ మధ్యనుంచి వస్తోంది.

"దగ్గరికి రండి."

"వచ్చాను కదే."

"ఇంకా."

ఆయన ఇంకో అడుగు వేశాడు. నేను గిన్నె గుమ్మం పక్కన పెట్టి, చప్పుడు చెయ్యకుండా వెనక్కి వచ్చేశాను.