పెళ్లి అన్నం తిన్న గేదె

2004 మే నెల. ప్రత్తిపాడు దగ్గర పశువైద్యుడిగా పనిచేస్తున్నాను. మిర్చి కల్లాలు ఖాళీ అయ్యాయి, ఏ ఊరు చూసినా పెళ్లిళ్లే. ఒకరోజు పొద్దున్నే మస్తాన్‌బీ పరుగున వచ్చింది. భర్త ఎప్పుడో పోయాడు. ఆమె ఇల్లు గడిచేది ఒక్క గేదె మీద. అదేమో నిండు చూడిది, లేవడం లేదంది.

వెళ్లి చూస్తే గేదె కళ్లు లోపలికి పోయాయి. నెమరు ఆగిపోయింది, పేడ నీళ్లలా పుల్లటి వాసన కొడుతోంది. ఏం తిందని అడిగితే నిన్నటి నుంచి గడ్డిపోచ కూడా ముట్టలేదంది. నీరసంగా ఉందని తనే గంజి తాగించిందట. మిర్చికి కొట్టే పురుగుమందు తగిలిందా అన్న అనుమానం నన్ను కుదురుగా నిలబడనివ్వలేదు. ఆ విషానికి వైద్యం వేరు, పొరబడితే ప్రాణం పోతుంది. మళ్లీ మళ్లీ అడిగాను. అదే జవాబు.

చివరికి స్టమక్ ట్యూబ్, అంటే పొట్టలోకి దించే రబ్బరు గొట్టం వేశాను. నీళ్లతో పాటు తెల్లటి మెతుకులు వచ్చాయి.

“ఇదేంటమ్మా?”

“అది పెళ్లి అన్నం కదండీ. మేత కాదుగా.”

అన్న కూతురి పెళ్లిలో మిగిలిన తెల్లన్నం గంపకెత్తి తెచ్చిందట. అందరూ తిన్నారు, ఇదేం పాపం చేసిందని కడుపునిండా పెట్టిందట.

గేదె మొదటి పొట్టలో గడ్డిని అరిగించే సూక్ష్మజీవులుంటాయి. అన్నం ఎక్కువైతే వేరే రకానివి చెలరేగి లాక్టిక్ యాసిడ్ తయారుచేస్తాయి. పెరుగులో పులుపు కూడా ఇదే. కాస్త ఉంటే ఒళ్లు దాన్ని శక్తిగా వాడుకుంటుంది. హద్దు దాటితే ఒంట్లో నీరంతా పొట్టలోకి లాగేస్తుంది, రక్తంలోకీ ఎక్కుతుంది. పాపం, ఆమె పోసిన గంజి కూడా ఆ పులుపునే పెంచింది.

పొట్ట కడిగాను. సోడియం బైకార్బొనేట్, అంటే మన వంటసోడా జాతి మందే, నరానికి ఎక్కించాను. మంచి సూక్ష్మజీవులు మళ్లీ చేరాలని పక్కింటి గేదె నోట్లోంచి నెమరు తీయించి నీళ్లలో కలిపి పోశాను. ఇంకో ఊరు వెళ్లాల్సివచ్చింది గానీ అక్కడ నా మనసు పనిమీద లేదు. సాయంత్రం తిరిగొచ్చేసరికి గేదె దవడ కదులుతోంది.

గేదె బతికింది. కొన్నాళ్లకే చచ్చిన దూడను వేసింది.

“నా చేత్తోనే పెట్టానండీ,” అంది మస్తాన్‌బీ.

అప్పట్నుంచి గేదె ఏం తిందని ముందు అడగను. మీ ఇంట్లో గానీ చుట్టాలింట్లో గానీ శుభకార్యం జరిగిందా అని అడుగుతాను. పిలవలేదని నిష్ఠూరమా అని కొందరు నవ్వుతారు. “అవునండీ, మొన్ననే” అన్నారంటే మాత్రం ముందు రబ్బరు గొట్టం బయటికి తీస్తాను.