అమ్మ ఇవ్వని దత్తత

మా అన్న పాదిరి అయిన రోజు మా ఊరు లెస్కాలియే నుంచి బస్సు నిండా బంధువులం రాజధాని పోర్ట్ లూయిస్‌కు బయలుదేరాం. అందులో డ్రైవరు తప్ప ఒక్క క్రైస్తవుడూ లేడు. మిషన్ బడిలో చదివి, అక్కడే బాప్తిస్మం పుచ్చుకుని, అక్కడే పాఠాలు చెప్పి, చివరికి అక్కడి దేవుడి దగ్గరే కొలువుకు చేరినవాడు మా ఇంట్లో అన్న ఒక్కడే. అయినా శుభకార్యం శుభకార్యమే కదా. పెద్దమ్మ పసుపు కుంకుమల పళ్ళెం పట్టుకొచ్చింది. రామభజనలో తాళం వేసే పెదనాన్న కొబ్బరికాయ తెచ్చాడు. దాన్ని చర్చిలో ఎక్కడ కొట్టాలో తెలియక చివరిదాకా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

జరిగేదంతా ఇంగ్లీషులో. మాలో ఎవరికీ ఒక్క ముక్క అర్థం కాలేదు గానీ, ఒకరికొకరు వివరించుకోవడం మాత్రం మానలేదు. పెద్ద కుర్చీలో లెవెక్ కూర్చున్నాడు. బిషప్పును మేం అలాగే అంటాం. ఎవరో తెల్లాయన మా అన్నను వెంటబెట్టుకెళ్ళి ఆయనకు అప్పగించాడు. లెవెక్ అడగడం, అన్న ఒప్పుకోవడం. ఇంట్లో ఒక్క మాటకూ ఒప్పుకోని మనిషి అక్కడ అన్నిటికీ తలాడిస్తుంటే నాకు ఒళ్ళు మండింది. తర్వాత అన్నను మోకాళ్ళ మీద కూర్చోబెట్టి లెవెక్, పాదిర్లు అందరూ కలిసి తలమీద చేతులు వేశారు. అంతమంది చేతుల కింద అన్న తల కనిపించనేలేదు.

అమ్మ నా మోచెయ్యి పట్టుకుంది. "నా కొడుకుని దత్తత తీసేసుకుంటున్నారే," అంది.

నాకు నవ్వొచ్చింది. అమ్మకు రాలేదు. మాలో దత్తత అంటే కన్నతల్లి పిల్లవాడి చేతిని పెంచుకునేవాళ్ళ చేతిలో పెట్టి నీళ్ళు ధారపోయాలి. ఆ నీళ్ళు పడ్డాక వాడు కన్నవాళ్ళకు తలకొరివి పెట్టకూడదు. నాన్న ఎప్పుడో పోయాడు, నేను ఆడపిల్లను, అమ్మకు కొడుకు అన్న ఒక్కడే. తిరుగు ప్రయాణంలో బస్సులోనే పంచాయితీ పెట్టారు. తల్లి ఇవ్వలేదు, నీళ్ళు పొయ్యలేదు, కాబట్టి లెవెక్‌గారి దత్తత చెల్లదని పెదనాన్న తీర్పు చెప్పి, ఆ కొబ్బరికాయ పగలగొట్టి అందరికీ పంచాడు.

అన్న మెళ్ళో తెల్ల కాలరుతో ఇంటికొచ్చాడు. గురుపట్టం అంటే దత్తత కాదని, అది సేవకు పిలుపని, తాను ఇకమీదట అందరికీ సేవకుణ్ణని చాలాసేపు చెప్పాడు. సేవకుడుగారు ఆ చెప్పేదంతా పీట మీద కూర్చుని, మేం వడ్డిస్తుంటే తింటూ చెప్పాడు. అమ్మ ఓపిగ్గా విని, "అయితే నా కొరివి నువ్వే పెడతావుగా?" అంది.

పెడతానన్నాడు.

ఈ మాట కార్తియే మిలితేర్ అనే ఊళ్ళో అన్న పనిచేసే చర్చి పెద్దల చెవిన పడింది. ప్రతి ఆదివారం ప్రేమ గురించి వినే మనుషులు కదా, పాదిరి చితికి నిప్పు పెడితే ఇక తమ గుమ్మం తొక్కనక్కర్లేదని ఎంతో ప్రేమగా చెప్పారు. విధేయంగా ఉంటానని ప్రమాణం చేసిన సంగతి లెవెక్ కూడా మెత్తగా గుర్తుచేశాడట. అన్న చిక్కిపోయాడు. ఇంటికొచ్చినప్పుడల్లా అన్నం కెలికి లేచిపోయేవాడు. అవసరమైతే కాలరు తీసేసి వస్తానని నాతో అన్నాడు. ఇప్పుడే తీసెయ్యమన్నాను. నాకు ఆ కాలరంటే మొదటినుంచీ పడదు. లోపల పొయ్యి దగ్గరున్న అమ్మ అంతా వింది.

తెల్లవాళ్ళు ఈ దేశాన్ని మనకు అప్పగిస్తారా లేదా అని ఊరూరా వాదించుకుంటున్న రోజులవి. లెవెక్ మా ఊరి చిన్న చర్చి చూడ్డానికి వచ్చాడు, అన్న ఆయన వెంట ఉన్నాడు. అమ్మ తలస్నానం చేసి, ఉతికిన తెల్లచీర కట్టుకుని, చెంబుతో నీళ్ళు పట్టుకుని నన్ను వెంట రమ్మంది. ప్రార్థన అయ్యాక లెవెక్ గుమ్మం దగ్గర నిలబడి అందరికీ చెయ్యి కలుపుతున్నాడు. అమ్మ నేరుగా వెళ్ళి, అన్న చెయ్యి తీసి ఆయన చేతిలో పెట్టింది. అన్నకు అర్థమై చెయ్యి వెనక్కి లాక్కోబోయాడు. అమ్మ వదల్లేదు. రెండో చేత్తో చెంబు వంచి నీళ్ళన్నీ ధారపోసింది.

లెవెక్ ఇదేదో మా మర్యాద అనుకున్నాడు. నవ్వి, "మెర్సీ, మదామ్" అని థాంక్స్ చెప్పి జేబురుమాలుతో చెయ్యి తుడుచుకున్నాడు. వెంట వచ్చిన చర్చి పెద్దలు కూడా మురిసిపోయారు. అన్న మాత్రం తడిచెయ్యి తుడుచుకోకుండా గుమ్మంలోనే నిలబడి అందరి ముందూ ఏడ్చాడు.

చెరకుతోటల మధ్య ఇంటికి నడుస్తుంటే నాకు కోపం ఆగలేదు. అంత తేలిగ్గా ఎలా ఇచ్చేశావని అడిగాను. అమ్మ నడక పెంచింది. ఇల్లు కనబడ్డాక ఖాళీ చెంబు నా చేతికిచ్చింది.

"సాయంత్రం మీ పెదనాన్న ఇంటికి పో," అంది. "నా కొరివికి వాళ్ళ పెద్దోణ్ణి ఇమ్మని అడుగు."