భుజాలకెక్కిన పెట్టె

నేను అకార్డియన్ బయటికి తీశానంటే మా ఆయన చెప్పులు వేసుకుంటారు. పెళ్లయిన కొత్తలో మొదలైన అలవాటిది. మంచం కింది నుంచి పెట్టె లాగుతున్న చప్పుడు వినబడగానే పేపరు మడిచి, కళ్లజోడు తీసి జేబులో పెట్టుకుని, "అట్ల పోయొస్త" అని వెళ్లిపోతారు. ఎండా వానా తేడా లేదు. ఓసారి జోరున వాన పడుతుంటే గొడుగేసుకుని మరీ వెళ్లారు. చుట్టాలు, మా చర్చి సంఘంలో వాళ్లు, పక్కవాటా ఆవిడ, అందరూ ఎప్పుడో ఒకప్పుడు నా పాట ఆగి విన్నవాళ్లే. ఈ ఒక్క మనిషిని ఎదురుగా కూర్చోబెట్టి ఒక్కటంటే ఒక్క పాట మొదటి నుంచి చివరిదాకా వినిపించాలని నాకు కోరిక. అడగడానికి మాత్రం అభిమానం అడ్డొచ్చేది. ఇష్టం లేని మనిషి చెవిలో దూరి వాయిస్తామా ఏమిటి?

అకార్డియన్ అనగానే అందరూ పియానో మెట్లున్న పెద్దదాన్ని ఊహించుకుంటారు. నాది అది కాదు, బటన్ల పెట్టె. హార్మోనియానికి చిన్న చెల్లెలనుకోండి. మధ్యలో ముడతలు ముడతలుగా తిత్తి, కుడివైపు రెండు వరసల బటన్లు, ఎడమవైపు గుప్పెడు. తిత్తి నొక్కితే ఒక స్వరం వస్తుంది, అదే బటన్ మీద వేలుంచి తిత్తి లాగితే ఇంకోటి వస్తుంది. నాన్న రైల్వేలో ఉన్నప్పుడు పక్క క్వార్టర్స్‌లోని ఆంగ్లో ఇండియన్ గార్డు ఒకాయన ఊరు వదిలి వెళ్తూ ఆయనకు ఇచ్చాడు. నాన్న నుంచి నాకొచ్చింది. కుడి బొటనవేలు దూర్చడానికో తోలు పట్టీ, ఎడమ చేతికో పట్టీ, అంతే. భుజాలకు తగిలించుకునే ఏర్పాటే లేదు. కూర్చుని తొడ మీద పెట్టుకుని వాయించాలి. నాన్న అలాగే వాయించారు, నేనూ అలాగే నేర్చుకున్నాను.

చిక్కంతా ఈస్టరుకు ముందొచ్చే మట్టల ఆదివారంతో వచ్చింది. ఆ రోజు పొద్దున్నే మా సంఘం మల్కాజ్‌గిరి వీధుల్లో మట్టలు పట్టుకుని హోసన్నా పాడుకుంటూ ఊరేగింపుగా గుడికి వెళ్తుంది. ముందు మగవాళ్లు, మధ్యలో మట్టలతో ఒకరినొకరు కొట్టుకునే పిల్లలు, వెనక ఆడవాళ్లం మేము. ముందున్నవాళ్లు చరణం అందుకునేసరికి మేమింకా పల్లవిలోనే ఉంటాం. పిల్లలు ఎవరి పాట పెద్దగా వినబడితే అది పాడతారు. పోయిన ఏడాది ఈ గోల భరించలేక ట్రాలీ ఆటో మీద స్పీకరు పెట్టి రికార్డు వేశారు. ఆ ఆటో అబ్బాయికి ఇంకో కిరాయి ఉందో ఏమో, పాట మలుపు తిరిగి వెళ్లిపోయింది, సంఘం ఇంకా కిరాణా కొట్టు దగ్గరే ఉంది.

అందుకని ఈసారి పాస్టరుగారు నన్ను పట్టుకున్నారు. "సిస్టర్, మీరు నడిమిట్ల నడుస్కుంట వాయించున్రి. ముందటోళ్లకు, ఎనకటోళ్లకు అందరికి వినబడ్తది."

నేను ఆలోచించకుండా తలూపేశాను. పొగిడేవాళ్ల ముందు నా తల తొందరగా ఊగుతుంది. ఇంటికొచ్చి పెట్టె చేతుల్లోకి తీసుకుని నిలబడి చూస్తే తెలిసింది సంగతి. బరువంతా పోయి బొటనవేలి మీద పడింది, తిత్తి జారి మోకాళ్ల దాకా తెరుచుకుని ఈనబోయే గేదెలా మూలిగింది.

ఆ మూలుగు విని మా ఆయన గదిలోకి వచ్చారు. చెప్పులు వేసుకోలేదు. పెట్టెను పైకీ కిందికీ తిప్పి చూసి, "పట్టీలు గావాలె. పట్టీలకు కొక్కేలు బిగియ్యాలె" అన్నారు. కళ్లలో ఒక వెలుగు. ఆ వెలుగు నాకు బాగా తెలుసు, నాకది భయం కూడా. ఆఫీసు నుంచి రిటైరయ్యాక ఆయనొక డ్రిల్లు మెషీను కొనుక్కున్నారు. ఆనాటి నుంచి మా ఇంట్లో బెజ్జం పడని గోడ లేదు. తువ్వాలుకో కొక్కెం, గొడుగుకో కొక్కెం, తగిలించడానికి ఏమీ లేని ఉత్త కొక్కేలు కొన్ని. ఇప్పుడు నాన్న పెట్టె మీద కన్ను పడింది. దాని చెక్కకు బెజ్జం పెడతానంటే నా ఒంటికి పెడతానన్నట్టే అనిపించింది. మెషీను ముట్టుకోకుండా చేతి డ్రిల్లుతో చెయ్యాలని, చేస్తున్నంతసేపూ నేను పక్కన కూర్చుంటానని ఒప్పందం చేసుకున్నాను. చేతిలోంచి బంతి లాక్కుంటే పిల్లాడు పెట్టినట్టు ముఖం పెట్టారు ఆయన.

ముందు పట్టీలు కావాలి. సంగీత వాయిద్యాల దుకాణంలో గిటారు పట్టీ చూపించారు, అది ఒక భుజానికే సరిపోతుంది. చివరికి సికింద్రాబాద్ జనరల్ బజార్ వెనక సందులో, తోలు బెల్టులు కుట్టే దుకాణానికి వెళ్లాం. గోడంతా కుక్కల గొలుసులు, మెడపట్టీలు వేలాడుతున్నాయి. మా ఆయన గట్టి పట్టీలు కావాలన్నారు.

"ఎంత బరువుంటది సార్?" దుకాణదారు అడిగాడు.

"అయిదు కిలోలుంటదేమో."

"చిన్నదే. మస్తు గుంజుతదా?"

"గుంజుతది, నొక్కుతది సుత."

"కరుస్తదా?"

"ఇప్పటిదాక కరువలే" అన్నారు మా ఆయన, ముఖంలో ఏ మార్పూ లేకుండా.

నేనే కలగజేసుకుని, కుక్క కాదయ్యా, వాయించే పెట్టె అని చేతులతో లాగి నొక్కి చూపించాల్సి వచ్చింది. అతను కాసేపు నవ్వి, అట్లయితే మెత్త తోలు వాడి, భుజం దగ్గర లోపల స్పంజి పెట్టి గంటలో కుట్టిస్తానన్నాడు. ఎదురుగా ట్రంకు పెట్టెలమ్మే చోట నాలుగు ఇత్తడి రింగులు దొరికాయి, ఒక్కోదాని కింద చెక్కకు బిగించే చిన్న పలక ఉంది. పెట్టె కుడి పక్క పైన రెండు, కింద రెండు బిగించి, పైరింగు నుంచి కిందిరింగుకు ఒక్కో పట్టీ వేస్తే రెండు భుజాలకు రెండవుతాయని మా ఆయన లెక్క. దారి పొడుగునా ఆ "కరువలే" తలుచుకుని నవ్వుతూనే ఉన్నాను. ఈయన ఇంత సరదా మనిషి, నా పాట దగ్గరికొచ్చేసరికి ఏమవుతుందో అని లోపల చిన్న ముల్లు మాత్రం గుచ్చుకుంది.

మర్నాడు పొద్దున వరండాలో దుప్పటి పరిచి పెట్టె పడుకోబెట్టారు. ఉత్త స్క్రూలయితే పాత చెక్కలో నిలవవట, లోపల్నుంచి నట్టు బిగించాలట. అందుకు మూత తెరవాలి. లోపల స్వరం పలికే సన్నని రేకులు, రీడ్లుంటాయి, వాటి మీద చెక్కపొట్టు పడితే స్వరాలు మూగబోతాయి. ఆయన తడిగుడ్డ, బ్రష్షు, టేపు అన్నీ సిద్ధం చేసుకుని, మూత పిన్నులు లాగుతూ మామూలుగా అన్నారు. "ఎట్లయినా తెరుస్తున్న గద, ఆ పలకని సురం సుత ఏందో చూస్త."

"ఏ సురం?"

"గదే. రోజు పొద్దుగాల వాయిస్తవ్ గద, ఆ హోసన్నా పాటల రెండో చరణం ఆఖర్ల. పైకి పోవాల్సింది పోవు. పక్కనుంచి జారి కిందికొస్తవ్."

నిజమే. ఒక బటను తిత్తి లాగినప్పుడు పలకడం మానేసి చాలా ఏళ్లయింది. ఆ చోటు రాగానే చుట్టు తిరిగి వెళ్లడం నాకు అలవాటైపోయింది. గుడిలో పాడే క్వయరుకు ఆ పాట నేర్పింది నేనే కాబట్టి, మా సంఘమంతా దాన్ని నా వంకర దారిలోనే నేర్చుకుంది. క్వయరుకు తెలియలేదు, పాస్టరుగారికి తెలియలేదు, నాకే గుర్తు లేదు.

"మీకెట్ల తెలుసు? మీరు ఇంట్లనే ఉండరు గద!"

"మెట్ల మీదుంట."

మాది పై వాటా. మెట్లు బయట నుంచి, సరిగ్గా నా గది కిటికీ కింది నుంచి వస్తాయి.

"నడకకు పోత అని పోతరు గద?"

"గేటు దాక పోయి మల్లొస్త."

"లోపల కూసుంటే ఏమైతుండె?"

"కూసుంటే నువ్వు ఆపేస్తవ్" అన్నారు, చూపు పిన్ను మీద నుంచి తియ్యకుండా.

అప్పుడు గుర్తొచ్చింది. పెళ్లయిన కొత్తలో ఆయన ఆఫీసు నుంచి వచ్చేసరికి నేను వాయించుకుంటూ ఉంటే, చటుక్కున ఆపి, పెట్టె పక్కన పెట్టి, టీ పెట్టడానికి లేచేదాన్ని. అలసి వచ్చిన మనిషికి ఈ రొద ఎందుకని. ఆయన కొన్నాళ్లు చూసి, ఈవిడ నా ముందు వాయించదు అనుకుని, వినడానికి ఓ చోటు వెతుక్కున్నారన్నమాట. ఆయన వెళ్లిపోతున్నారని నేను, నేను ఆపేస్తున్నానని ఆయన.

ఏడుపు రావాల్సిన చోట నాకు కోపం వచ్చింది. "ఇన్నేండ్లు మెట్ల మీద దోమలతోని కుట్టిచ్చుకునే బదులు నోరు దెరిసి ఒక్క మాట చెప్పొద్దా? వానల గొడుగేసుకొని కూసున్నరా? ఎవరన్న చూస్తే ఏమనుకుంటరు, పెండ్లాం ఎల్లగొట్టిందనుకోరా?"

"పక్కవాటా ఆమె సుత వచ్చి కూసుంటుండె అప్పుడప్పుడు" అన్నారు శాంతంగా.

ఆవిడ సంగతి తర్వాత చూస్తానని మనసులో రాసుకున్నాను.

ఆ రీడు కింద సన్నని నూలుపోగొకటి ఇరుక్కుని ఉంది. పట్టకారుతో తీసేశారు. బెజ్జాలు పెడుతున్నంతసేపూ నేను కళ్లు మూసుకున్నాను. ఇత్తడి రింగులు నాలుగూ దిగాయి, మూత పడింది, పట్టీలు ఎక్కాయి. పెట్టె చెక్కు చెదరలేదు. కుర్చీలో కూర్చుని పట్టీలు భుజాలకు వేసుకుని, ఆయన్ని ఎదురుగా కూర్చోమన్నాను. ఆయన చేతులు కట్టుకుని, ఇంటర్వ్యూకు వచ్చినవాడిలా కూర్చున్నారు. తిత్తి లాగాను. పల్లవి సగంలో వేళ్లు ఒకదాని మీదొకటి ఎక్కాయి. మళ్లీ మొదలుపెట్టాను, మళ్లీ అంతే. ఆయన గోడవైపు తిరిగి కూర్చున్నారు. ఆయన వీపు కూడా వింటున్నట్టే ఉంది. ఇన్నేళ్లు కావాలనుకున్నది ఎదురుగా కూర్చుంటే, నా చేతులకే చేతకాలేదు.

"పోనీ మెట్ల మీదికి పోనా?"

"పోయిన్రంటే బాగుండదు!" అన్నాను. కానీ వాయించలేదు. పెట్టె తీసి మంచం మీద పెట్టేశాను.

ఆ తర్వాత ఇద్దరం పట్టీల మీద పడ్డాం, అది తేలిక కాబట్టి. నేను కూర్చుని ఉండగా కొలిచారేమో, లేచి నిలబడేసరికి పెట్టె పొట్ట దిగువకు వేలాడింది. బకిలు బిగించి పొట్టి చేశాం. అప్పుడు చీర అడ్డొచ్చింది. ఈ పట్టీలు చొక్కాలు వేసుకునేవాళ్ల కోసం పుట్టినవి. గంజి పెట్టిన నేతచీర మీద నిలవనంటాయి. ఎడమ పట్టీ కింద పైట పిన్ను గుచ్చుకుంటుంది, పిన్ను తీస్తే పైట కొంగు తిత్తి ముడతల్లోకి వెళ్తుంది. కొంగు నడుముకు దోపాను. పట్టీలు జారకుండా ఆయన వీపు మీద ఒక అడ్డపట్టీ వేసి, రెంటినీ కలిపి బకిలు పెట్టారు. అడుగు వేసినా, గెంతినా కదల్లేదు. ఒక్కటే ఇబ్బంది, వీపు మీది బకిలు నా చేతికి అందదు. ఎవరైనా వెనక నిలబడి పెట్టాల్సిందే.

మట్టల ఆదివారం పొద్దున అందరూ చేరాక ఆయనే బకిలు పెట్టారు. "గట్టిగున్నదా? ఊపిరాడుతున్నదా?" అని అడిగి, నా వెనక నుంచి కదిలారు. ఎప్పటిలా ముందున్న మగవాళ్ల దగ్గరికి వెళ్తున్నారనుకున్నాను. నేను పల్లవి ఎత్తుకున్నాను. పట్టీలు బరువంతా భుజాల మీదికి తీసుకుంటే వేళ్లు ఇంత తేలికవుతాయని నాకు తెలియదు. ముందువాళ్లూ వెనకవాళ్లూ ఒక్కసారే చరణం అందుకున్నారు. పిల్లలు కూడా మట్టలతో కొట్టుకోవడం కాసేపు మానేశారు. నూలుపోగు తీసిన ఆ స్వరం దగ్గర నేను పైకి వెళ్తే సంఘమంతా అలవాటుగా కిందికి దిగింది. పాస్టరుగారు వెనక్కి తిరిగి నన్ను వింతగా చూశారు.

రైల్వే గేటు పడి అందరం ఆగాం. మా వెనక ఆడవాళ్ల వరసలోంచి ఒక పెద్దావిడ గొంతు వినబడింది. "ఏందయ్యా, ఆడోళ్ల నడుమ నడుస్తున్నవ్? ముందటికి పో."

"బకిలు చూస్తున్నమ్మా. ఊడితే మల్ల తక్లీఫైతది."

మా ఆయన గొంతు. నాకు మూరెడు దూరంలో, నా వీపు వెనక.

"ఎప్పటిసంది ఉన్నరు?" అన్నాను తల తిప్పబోతూ.

"మొదటిసంది. ఎనకకు తిరగకు. వాయించు."

రైలు వెళ్లింది, గేటు లేచింది, నేను వాయించాను. ఆయన కనబడరు, అక్కడే ఉన్నారని తెలుసు. ఒక్క వేలూ తడబడలేదు. కళ్లు మాత్రం మసకబారి దారి సరిగ్గా కనబడలేదు. తుడుచుకుందామంటే రెండు చేతులూ పెట్టెకే ఉన్నాయి. అంత సంతోషం నా పెళ్లినాడు కూడా పడలేదు.

గుడి గేటు దగ్గర పాట ఆపాలి. అక్కడ ప్రార్థన చేసుకుని లోపలికి వెళ్లడం మా పద్ధతి. పాస్టరుగారు చెయ్యెత్తారు. మట్టలు దిగాయి, గొంతులు ఆగాయి. నా వెనక ఆయన చెప్పుల చప్పుడు కూడా ఆగింది, ఆయన మాత్రం అక్కడే నిలబడి ఉన్నారు. పాస్టరుగారు చెయ్యి ఇంకాస్త పైకెత్తారు. నేను చూశాను. చూసి కూడా తిత్తి లాగి, ఇంకో చరణం మొదలుపెట్టాను.