మునగ బెండ్లు విప్పిన వీరుడు

మా చిన్నప్పుడు... ఈత నేర్చుకోవాలంటే ముందు వీపుకి మునగ బెండ్లు కట్టేవాళ్లు. ఎండిన మునగ కొమ్మని మూరెడు ముక్కలుగా కోసి, మూడు ముక్కలు పేర్చి, తాడుతో నడుముకి బిగించేవాళ్లు. బావిలో దూకితే బెండ్లే పైకి తేలుస్తాయి. భయం తగ్గేకొద్దీ మూడు కాస్తా రెండవుతాయి... తర్వాత ఒకటి... ఒకరోజు అదీ ఉండదు. ఈత వచ్చేసినట్టే.

నాకు కట్టింది మా అన్న ప్రసాదు. నాకు తొమ్మిదేళ్లు, వాడికి పద్నాలుగు. అమ్మానాన్నా మిరపకాయ కోతలకి కూలికి పోతే నన్ను చూసుకునే పని వాడిదే. ముడి వేశాక రెండుసార్లు లాగి చూసేవాడు. మూడోసారి నా చేత లాగించేవాడు.

ఇక కోటయ్య బాబాయ్... నందిగామ నుంచి కీసర దాకా ఆయన పేరు తెలియనివాళ్లు లేరు. మునేరు పొంగినప్పుడు కొట్టుకుపోతున్న ముగ్గుర్ని ఒక్కడే ఒడ్డుకి లాగిన గజఈతగాడు. "నేనున్నాగా!" అని నవ్వేవాడు. ఆ నవ్వు చూస్తే ఏడ్చే పిల్లాడు కూడా ఆగిపోయేవాడు. మేం తువ్వాళ్లు మెడకి కట్టుకుని, "నేనున్నాగా!" అని అరుస్తూ గడ్డివాముల మీంచి దూకేవాళ్లం. బొమ్మల పుస్తకాల్లో ఎగిరే వీరులు మాకు అక్కర్లేదు. మాకు కోటయ్య ఉన్నాడు.

ఆ ముగ్గుర్ని బతికించినందుకు ఆయనకి ఇవాళ్టికీ దండం పెడతా. అది వేరు. నేను రాసేది ఇంకోటి.

ఆయన ఈత నేర్పే పద్ధతిలో బెండ్లుండవు. పిల్లాణ్ణి ఎత్తి బావిలోకి విసరడం, ఆ వెనకే తనూ దూకడం... అంతే. ఊళ్లో సగం మంది అలా నేర్చుకున్నవాళ్లే.

ఆ రోజు మిరప చేలో మోటబావి దగ్గర అన్న నాకు బెండ్లు కడుతున్నాడు. గట్టు మీద మేమిద్దరమే. కోటయ్య అటుగా వచ్చాడు.

"ఏందిరా ఇది, దూడకి గుదిబండ కట్టినట్టు?"

"వాడికింకా భయం పోలేదు బాబాయ్. మూడు బెండ్ల మీదే ఉన్నాడు."

"నా ముందు బెండ్లేందిరా! నేనున్నాగా!"

ముడి విప్పేశాడు. ఎడమ చేత్తో నన్ను నడుం పట్టి ఎత్తి విసిరాడు.

నీళ్లు ముక్కులోకి పోయాయి... అయినా భయం లేదు. వెనకాల ధబ్బుమని చప్పుడొస్తుందిగా! దానికోసం చూశా. రాలేదు. ఒకసారి పైకి తేలినప్పుడు కనిపించాడు. గట్టు మీదే ఉన్నాడు. కుడి భుజం ఎడమ చేత్తో పట్టుకుని ఉన్నాడు. మొహంలో నవ్వు లేదు.

"చేతులు కొట్టరా... కొట్టు!" అని అరుస్తున్నాడు. మళ్లీ మునిగా.

అప్పుడొచ్చింది ఆ చప్పుడు. అన్న దూకాడు. కింద చూసుకోలేదు... మోచెయ్యి రాతి అంచుకి తగిలి విరిగింది. ఆ చెయ్యి వేలాడుతుంటే రెండో చేత్తో నన్ను మెట్ల దాకా ఈడ్చుకొచ్చాడు. కోటయ్య మెట్లు దిగి, మోకాలి లోతు నీళ్లలో నిలబడి నన్ను ఎడమ భుజానికెత్తుకున్నాడు.

చేలో వాళ్లు పరిగెత్తుకొచ్చేసరికి వాళ్లకి కనిపించింది అదే. తడిసిన కోటయ్య, ఆయన భుజం మీద నేను.

"కోటయ్య ఉండబట్టి సరిపోయింది!" అన్నారు ఎవరో.

ఆయన అవునన్లేదు. కాదన్లేదు. నవ్వాడు.

నాన్న వచ్చి అన్నని కొట్టాడు. "ఈత రానోణ్ణి బావి కాడికి తెస్తావేందిరా!" అని. విరిగిన చెయ్యి కూడా చూడలేదు. ఆపింది ఎవరనుకున్నారు? కోటయ్యే. "పోనీలే యాకోబూ, పిల్లలు. నేనున్నాగా." అమ్మ ఆయన కాళ్లు పట్టుకుంది...

సాయంత్రం కోడిగుడ్లు పట్టుకుని ఇంటికొచ్చాడు. అన్న పక్కన కూర్చుని గొంతు తగ్గించాడు.

"మునేట్లో దుంగ తగిలిందిరా ఈ భుజానికి. అప్పట్నుంచీ చెయ్యి లేవట్లా. ఎవరితో అనబాకండి. ఊరికి ధైర్యం పోద్ది."

అన్న తల ఊపాడు. వాణ్ణి చూసి నేనూ ఊపా.

ఊరికి ధైర్యమంట! చెయ్యి లేవదని తెలిసీ నన్నెందుకు విసిరావయ్యా? "బెండ్లు ఉండనీరా" అంటే పోయేదేముంది? పద్నాలుగేళ్ల కుర్రాడి ముందు కూడా తగ్గలేకపోయావు. నీ నవ్వు కాపాడ్డానికి మా వాడి చెయ్యే దొరికిందా!

కట్టు సరిగ్గా కుదర్లేదు. చెయ్యి వంకరగా అతుక్కుంది. తర్వాత అన్నదమ్ములిద్దరం సిమెంటు ఫ్యాక్టరీ పనికి పోతే గేటు దగ్గర "చేతులు చాపండి" అన్నారు. నాది చాపా. వాడిది సగంలో ఆగిపోయింది. నేను లోపల బస్తాలు మోస్తున్నా. వాడు బయట మేకలు కాస్తున్నాడు.

పోయిన నెల కోటయ్య పోయాడు. క్యాంటీన్లో అందరూ ఆయన మాటే. "నువ్వు కోటయ్య బతికించిన పిల్లోడివి కదూ, రెండు ముక్కలు చెప్పు" అన్నారు. లేచి, "నన్ను బతికించింది మా అన్న" అన్నా. నవ్వారు. "అప్పుడు నువ్వు బుడ్డోడివి, నీకేం గుర్తుంటది!"

ఇంటికెళ్లి అన్నతో చెప్తే వాడు అన్నది ఒకటే మాట. "పోయినోడి మీద ఎందుకురా?" పాడె మోసినవాళ్లలో వాడూ ఉన్నాడు... ఆ వంకర చేత్తోనే.

ఇప్పుడు బోర్లు పడ్డాయి. మోటబావి ఎండిపోయింది. అడుగున కంప తప్ప ఏం లేదు. బెండ్లు కట్టేవాళ్లూ లేరు, కట్టించుకునేవాళ్లూ లేరు... "నేనున్నాగా" అన్న మాట మాత్రం ఊళ్లో ఇంకా వినిపిస్తూనే ఉంది.

మీ వీపుకి బెండ్లు కట్టి, ముడి లాగి చూసినవాళ్లు ఎవరో వాళ్ల పేర్లు రాయండి. విప్పినవాళ్ల పేర్లు వద్దు... వాటిని ఊరు ఎలాగూ చెప్పుకుంటుంది.